లింకు నొక్కని టీచరమ్మ

కౌంటరు పిల్ల అబద్ధమాడుతోందని డేగమ్మకు రెండో ప్రశ్నకే తెలిసిపోయింది. ఏ విషయంలో ఆడుతోందో మాత్రం ఇంకా అంతుపట్టలేదు.

లాడ్జి వెనకవైపు, ఉతికిన దుప్పట్లు పేర్చిపెట్టే ఇరుకు గదిలో, ఇస్త్రీ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. పిల్లకు పాతికేళ్ళు కూడా నిండి ఉండవు. చేతిరుమాలును వేలికి చుడుతుంది, విప్పుతుంది, మళ్ళీ చుడుతుంది. గది నిండా సబ్బు వాసన, తడిగుడ్డల ఆవిరి. తలుపు అవతల బూట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అవి ఇన్‌స్పెక్టరువి. ఆయన్ని ఠాణాలో అందరూ చాటుగా ఉరుము అంటారు. మెరుపూ లేదు, వానా లేదు, ఉత్త చప్పుడేనని గిట్టనివాళ్ళు దానికి వివరం కూడా చెబుతారు.

డేగమ్మ అన్నది కూడా పెట్టిన పేరు కాదు, పడిపోయిన పేరే. చాలా ఏళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, పై అధికారితో మాటా మాటా పెరిగి బయటికొచ్చేసి, సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్న మనిషి, లాడ్జి ఓనరు పిలిస్తే వచ్చింది. గడ్డిలో ఎలుక తోక కదిలినా కనిపెట్టేస్తుందని ఆ పేరొచ్చింది. ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్న కుర్రవాడే ఈ ఉరుము. నేర్చుకున్నవాడికి నేర్పినవాళ్ళంటే ఎందుకు పడదో, అదో చిత్రం.

సంగతి ఇదీ. కొద్ది రోజులుగా ఈ లాడ్జిలో గదులు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నవాళ్ళకు లాడ్జి పేరుతోనే మెసేజీలు పోతున్నాయి. ఏదో గుర్తు తెలియని నంబరు నుంచి కాదు. బుకింగ్ సైటులో లాడ్జివాళ్ళూ గెస్టులూ మాట్లాడుకునే చోటే, లాడ్జి ఖాతా నుంచే. వచ్చే మనిషి పేరు, వచ్చే రోజు, తీసుకున్న గది, అన్నీ సరిగ్గా ఉంటాయి. "మీ కార్డు సరిచూడటం కుదరలేదు. వెంటనే ఈ లింకు నొక్కి వివరాలివ్వండి. లేకపోతే మీ గది రద్దవుతుంది" అని ఉంటుంది. ప్రయాణంలో ఉన్న మనిషికి గది రద్దవుతుందంటే కాళ్ళూ చేతులూ ఆడతాయా? నొక్కారు. నొక్కినవాళ్ళ ఖాతాలు తుడుచుకుపోయాయి.

అంతటితో ఆగినా బాగుండేది. నొక్కనివాళ్ళ గతి ఇంకా ఘోరంగా ఉంది. మందుల షాపు పెద్దాయన ఒకాయన, నాకీ లింకులూ గింకులూ చేతకావు నాయనా అని జవాబు రాశాడు. "పర్వాలేదండీ, మా డ్రైవరు రైల్వే స్టేషనుకొచ్చి మిమ్మల్ని తీసుకొస్తాడు. మీ ఫోనులో తనే చేసిపెడతాడు" అని అటునుంచి వచ్చింది. ఆ పెద్దాయన ఊరి బయట కాలవ గట్టున దొరికాడు, ఫోను లేకుండా, తల పగిలి. ఇప్పటికీ ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచి చూస్తాడే గాని పెదవి కదపడు.

ఇవాళ పొద్దున బండికి ఒక రిటైరైన టీచరమ్మ రావాలి. ఆవిడా లింకు నొక్కలేదు. ఆవిడకూ డ్రైవరు వస్తాడనే జవాబు వెళ్ళింది. బండి వచ్చిపోయి మధ్యాహ్నం దాటిపోయింది. టీచరమ్మ లాడ్జికి చేరలేదు. ఫోను ఆఫ్‌లో ఉంది.

"నీకు ఈ మధ్య గెస్టులెవరైనా ఫోటోలుగాని, ఫైళ్ళుగాని పంపారా అమ్మాయీ?" అంది డేగమ్మ.

"లేదు మేడమ్. ఎవరూ పంపలేదు మేడమ్. నేనేమీ తెరవలేదు మేడమ్."

డేగమ్మ పక్కనున్న దిండు గలీబు ఒకటి తీసుకుని నెమ్మదిగా మడతపెట్టసాగింది. "తెరిచావా అని నేనింకా అడగనేలేదు కదమ్మా."

పిల్ల చేతిలో రుమాలు ఆగిపోయింది.

"భయపడకు. ఈ దొంగలు మన దురాశ మీదే గాలం వేస్తారనుకుంటారు అందరూ. కాదు. ఎవరి పనిలో ఏది మంచితనమో కనిపెట్టి సరిగ్గా దానిమీదే వేస్తారు. లాటరీ తగిలిందని రాస్తే నువ్వు నవ్వి అవతల పారేస్తావు. మా అమ్మకి ఒంట్లో బాగాలేదని రాస్తే?"

అంతే. పిల్ల ముఖం ముడుచుకుపోయింది. కన్నీళ్ళు ఇస్త్రీ బల్ల మీద పడ్డాయి.

"అమ్మకి ఊపిరి కష్టం అని రాశాడు మేడమ్. గదులు తుడిచే మందులు కొన్ని ఆవిడకి పడవట. ఏవేవి పడవో డబ్బాల ఫోటోలు పంపిస్తున్నా, దయచేసి చూడండి, మా అమ్మకి ఏమైనా అయితే నాకింకెవరూ లేరు అని... నేను తెరిచాను. తుడిచే ఆవిడకి చూపిద్దామని."

"తెరిస్తే?"

"నల్లగా ఏదో కిటికీలాంటిది ఇలా మెరిసి పోయింది. ఫోటోలేం రాలేదు."

"అప్పుడేం చేశావు?"

పిల్ల తల వంచేసింది. "ఫోటోలు కనబడట్లేదండీ, మళ్ళీ పంపుతారా అని రాశాను."

డేగమ్మ చేతిలో గలీబు సగం మడతలో ఉండిపోయింది. "మళ్ళీ పంపాడా?"

"పంపాడు."

"మళ్ళీ తెరిచావా?"

"గెస్టు కదా మేడమ్!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు డేగమ్మకు. తలుపు విరగ్గొట్టి వచ్చిన దొంగనే, ఆ తలుపు మరమ్మతుకు మళ్ళీ రమ్మని కబురు పెట్టిన ఇల్లాలి గురించి ఎక్కడైనా విన్నామా? అయినా లాడ్జి కౌంటరులో పనిచేసే పిల్ల కాకపోతే ఇంకెవరు చేస్తారీ పని? గెస్టును రెండోసారి అడిగించుకోకూడదని కదా వాళ్ళకు మొదటి రోజే నేర్పేది.

తలుపు భళ్ళున తెరుచుకుంది.

"విన్నాను, మొత్తం విన్నాను!" ఉరుము లోపలికొచ్చాడు, వెనకాల లాడ్జి ఓనరు. "ఒప్పుకుంది కదా? నడు పిల్లా. మిగతాది ఠాణాలో చెబుదువుగాని."

"ఏం ఒప్పుకుంది ఇన్‌స్పెక్టరు గారూ? దొంగకి తలుపు తీశానని ఒప్పుకుంది. దొంగనని ఒప్పుకోలేదు."

"మేడమ్, మీ రోజుల్లో వేలిముద్రలూ బూట్ల గుర్తులూ ఉండేవి. ఇప్పుడు రోజులు మారాయి. సైటువాళ్ళనుంచి నేను వివరాలు తెప్పించాను. మెసేజీలన్నీ పోయింది మన కౌంటరు మీదున్న కంప్యూటర్ నుంచే. అన్నీ ఈ పిల్ల డ్యూటీలోనే. రాత్రి డ్యూటీలో ఒక్కటంటే ఒక్కటి పోలేదు. దీనికేమంటారు?"

"ఆహా, మంచి పని చేశారు" అంది డేగమ్మ. వెటకారంగా కాదు, నిజంగానే. తర్వాత ఓనరు వైపు తిరిగింది. "బాబూ, రాత్రిపూట ఆ కంప్యూటర్ ఎవరు నడుపుతారు?"

ఓనరు లావుపాటి మనిషి. చెమట తుడుచుకోవడానికే పుట్టినట్టుంటాడు. "రాత్రి బాబాయి ఉంటాడండీ డ్యూటీలో. ఆయనకి కంప్యూటర్ రాదు. అందుకని... ఆపేయిస్తానండి. కరెంటు ఊరికే కాలడమెందుకని."

"అంటే పొద్దున ఈ పిల్ల వచ్చి మీట నొక్కితే బతుకుతుంది, సాయంత్రం ఈ పిల్ల వెళ్తూ ఆపేస్తే చస్తుంది."

"అంతేనండి."

డేగమ్మ ఉరుము వైపు చూసింది. ఆ చూపుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఈ పిల్ల ఉన్నప్పుడు మెసేజీలు పోవట్లేదు ఇన్‌స్పెక్టరు గారూ. కంప్యూటర్ ఉన్నప్పుడు పోతున్నాయి. వాడు ఆ ఫోటోల పేరుతో లోపలికొచ్చి కూర్చున్నాడు. ఎక్కడో ఉండి మన కౌంటరు కంప్యూటర్ని మనం వాడినట్టే వాడుతున్నాడు."

"ఊహ! అంతా ఊహే!" ఉరుము బల్ల మీద గుద్దాడు, దిండ్ల దొంతర ఒకటి కూలింది. "అక్కడ ఒక ముసలావిడ కనిపించకుండా పోయింది. ఈ పిల్లని తీసుకెళ్ళి గట్టిగా అడిగితే ఆ డ్రైవరెవడో సాయంత్రానికి చెబుతుంది."

"చెప్పదు. తెలియదు గనక చెప్పదు. మీరు ఏమీ తెలియని మనిషిని అడుగుతూ కూర్చుంటే, అక్కడ టీచరమ్మ పరిస్థితేంటి? ముందు ఆవిడ సంగతి చూద్దాం రండి."

*

ముందు హాల్లో టీచరమ్మ చెల్లెలు కూర్చుని ఉంది. కూర్చుందనడం కన్నా, కుర్చీ అంచున వేలాడుతోందనాలి. పొద్దున్నే వేరే ఊరినుంచి బస్సులో దిగింది. అక్కకు కంటి ఆపరేషను, ఆస్పత్రికి దగ్గరని ఇద్దరూ ఈ లాడ్జి తీసుకున్నారు. మనిషి పొట్టి, మాట పొడుగు. డేగమ్మను చూడగానే లేచింది.

"ఏమైనా తెలిసిందా అమ్మా? మా అక్క దొరుకుతుందా? దొరక్కపోతే నేను మా బావ ఫోటోకి ఏ మొహం చూపించను?"

"దొరుకుతుందమ్మా. నీకు వచ్చిన మెసేజీ ఒకసారి చూపించు."

చెల్లెలు ఫోను తీసి చూపించింది. బుకింగులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి ఇద్దరికీ వచ్చింది. డేగమ్మ లింకును వేలితో అటూ ఇటూ జరిపి చదివింది. మొదట సైటు పేరు సలక్షణంగానే ఉంది. ఆ తర్వాత ఒక గీత, గీత తర్వాత రైలు పెట్టెల్లా అక్షరాలూ అంకెలూ. ఆ లింకు నిజంగా తీసుకెళ్ళే ఊరు ఆఖరి పెట్టెలో ఉంది, ఆ ఊరి పేరు ఎవరూ విని ఉండరు.

"నువ్వెందుకు నొక్కలేదు?"

"నేనా? నొక్కుతానా?" చెల్లెలికి ఆ కంగారులోనూ కాస్త గర్వం వచ్చింది. "గది తీసుకున్నప్పుడే డబ్బు లాడ్జిలోనే ఇవ్వండి అన్నారు. ఇప్పుడు మళ్ళీ కార్డెందుకు? పైగా వెంటనే వెంటనే అని ఆ తరమడం ఒకటి. మా ఆడపడుచు కూడా ఇలాగే తరుముతుంది, ఏదో దాచిపెట్టినప్పుడే. వెంటనే అక్కకి ఫోను చేసి చెప్పాను, ఆ లింకు ముట్టుకోకే అని."

"మంచి పని. అక్కేమంది?"

"అక్కకి ముందే వాళ్ళనుంచి జవాబొచ్చిందట, డ్రైవరొచ్చి చేసిపెడతాడని." చెల్లెలు మళ్ళీ కుర్చీ అంచున కూలబడింది. "నేనే అన్నానమ్మా... లింకులూ అవీ వద్దు, మనిషొస్తే మాత్రం కారెక్కు, మనిషైతే కళ్ళెదుట ఉంటాడు కదా అని. నేనే అన్నాను. నా నోటితో నేనే పంపించాను."

ఓనరు చెమట తుడుచుకున్నాడు. ఉరుము కూడా టోపీ సర్దుకుని పక్కకు చూశాడు. రాతలో ఉన్న మోసాన్ని అంత చక్కగా పట్టుకున్న మనిషి, ఆ రాత రాసినవాడే మనిషినీ పంపుతాడని ఎందుకు అనుకోలేదు? ఎవరమూ అనుకోము. అక్షరాన్ని అనుమానించినంత సులువుగా, ఎదురొచ్చి సంచీ అందుకునే చేతిని అనుమానించలేం.

"మీరైనా లాడ్జి నంబరు వెతికి ఒక్క ఫోను కొట్టి, డ్రైవరుని పంపుతున్నారా అని అడిగి ఉంటే..." అన్నాడు ఉరుము.

"ఇప్పుడా ఆ పాఠం?" డేగమ్మ కసిరింది. "పక్కకు జరగండి. కౌంటరు చూడాలి."

పొద్దుటినుంచి ఉరుము కౌంటరు చుట్టూ తాడు కట్టించాడు. ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ చూడనూ లేదు. డేగమ్మ తాడు ఎత్తి లోపలికి దూరింది. పొద్దున పోలీసులకు చూపించడానికి ఓనరే వేసిన కంప్యూటర్ ఇంకా వెలుగుతూనే ఉంది. బుకింగ్ సైటు తెరిచే ఉంది. తెర అంచున రహస్య పదం రాసిన పసుపు చీటీ అంటించి ఉంది. అది చూసి ఆమె నిట్టూర్చి ఓనరు వైపు చూసింది. ఓనరు పైకప్పు వైపు చూశాడు.

కంప్యూటర్‌ని వదిలేసి ఆమె వెనక్కి తిరిగింది. గోడ మీద తాళాల పలక. వరసలు వరసలుగా మేకులు, మేకులకు తాళంచెవులు. కొన్ని చెవులకు రిబ్బను ముక్కలు కట్టి ఉన్నాయి, పాత బహుమతి పొట్లాల మీదివి కాబోలు.

"ఇవేంటమ్మాయీ?"

కౌంటరు పిల్ల ముక్కు తుడుచుకుంటూ తాడు అవతలే నిలబడింది. "గుర్తులు మేడమ్. ఎర్రదుంటే మెట్లెక్కలేనివాళ్ళు, కింది గది ఇవ్వాలి. పసుపుదుంటే చంటిపిల్లలున్నవాళ్ళు, ఇంకో పరుపు వేయాలి. పచ్చదుంటే ఆలస్యంగా వస్తారని, గది ఎవరికీ ఇచ్చేయకూడదు."

"ఇవన్నీ కంప్యూటర్లో పెట్టరా?"

పిల్ల ఓనరు వైపు చూసింది. ఓనరు గొంతు సవరించుకున్నాడు. "సైటులో ఏ మార్పు చేసినా వాళ్ళు మళ్ళీ కమీషను లెక్కలు తిరగదోడతారండీ. అందుకని ఫోనులో చెప్పిన మార్పులు సైటుకెక్కించవద్దని నేనే... అందరూ అలాగే చేస్తారండీ."

"టీచరమ్మగారి గది తాళం ఏది?"

పిల్ల తాడు మీదనుంచి వంగి చేయి చాపింది. చాపిన చేయి గాల్లోనే ఆగింది.

ఆ తాళంచెవికి పచ్చ రిబ్బను కట్టి ఉంది.

"ఇది నేను కట్టలేదు" అంది పిల్ల గుసగుసగా. "నిన్న సాయంత్రం నేను వెళ్ళేటప్పుడు లేదు. పొద్దున వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు గారు నన్ను కౌంటరు దగ్గరికి రానివ్వలేదు."

డేగమ్మ చటుక్కున ఓనరు వైపు తిరిగింది. "రాత్రి బాబాయికి ఫోను చెయ్యి. ఇప్పుడే. నిద్రలో ఉన్నా లేపు."

చాలాసేపు మోగాక బాబాయి ఎత్తాడు. ఓనరు ఫోనును అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఏంటయ్యా, డ్యూటీ చేసొచ్చిన మనిషిని పడుకోనివ్వరా?"

"బాబాయ్, టీచరమ్మ తాళానికి రిబ్బను నువ్వే కట్టావా?" అన్నాడు ఓనరు.

"ఇంకెవరు కడతారు, మీ తాతా? ఆవిడ రాత్రి ఫోను చేసింది. ఒంట్లో నలతగా ఉంది నాయనా, పొద్దున బండి ఎక్కలేను, మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రం బండికి దిగుతాను, బస్సులో ఉన్న మా చెల్లెలికి ఫోను కలవట్లేదు, గది ఉంచండి అంది. కట్టాను. ఏం, గది ఎవరికైనా ఇచ్చేశారా ఏంటి?"

చెల్లెలు అక్కడికక్కడే నేల మీద కూలబడి రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియకుండానే. "బతికే ఉంది! మా అక్క బండిలోనే ఉంది! ఒంట్లో బాగాలేకపోతే ఫోను ఆపేసి పడుకుంటుంది, రైలెక్కితే ఆపేసి సంచీ అడుగున పెడుతుంది, ఛార్జింగు అయిపోతుందని!"

"చూశారా ఇన్‌స్పెక్టరు గారూ" అంది డేగమ్మ. ఆమె తాళంచెవిని మేకు నుంచి తీసి అందరికీ చూపించింది. "దొంగకి కంప్యూటర్లో ఉన్నదే తెలుసు, గోడ మీద ఉన్నది తెలియదు. వాడి మనిషి పొద్దున బండి దగ్గర నిలబడి నిలబడి ఉత్త చేతులతో పోయి ఉంటాడు. ఈ ఓనరు గారి పిసినారితనం ఆవిడకి ఒక పూట ఆయుష్షు పోసింది."

"సాయంత్రం బండి ఎప్పుడు?" ఉరుము గడియారం చూసుకుని తనే జవాబు చెప్పుకున్నాడు. "వచ్చే వేళయింది." వైర్‌లెస్ అందుకుని రైల్వే స్టేషనుకు మనుషుల్ని పంపమని అరవడం మొదలుపెట్టాడు. అరుస్తూనే మధ్యలో డేగమ్మ వైపు తిరిగి, "నేనూ పొద్దుటినుంచీ అదే అనుకుంటున్నా" అన్నాడు.

"అనుకునే ఉంటారు" అంది డేగమ్మ. "పిల్లని అరెస్టు చేస్తూ అనుకున్నారు."

కౌంటరు పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. దాని కళ్ళు కంప్యూటర్ తెర మీద నిలిచిపోయాయి.

"మేడమ్..."

తెర మీద బాణం గుర్తు కదులుతోంది.

మౌసు బల్ల మీదే ఉంది. దాని దగ్గర ఎవరి చేయీ లేదు. పిల్ల చేతులు రెండూ తాడు అవతల, అందరి కళ్ళముందూ ఉన్నాయి. బాణం నెమ్మదిగా, తొందరేమీ లేకుండా, సొంతింట్లో తిరుగుతున్నట్టుగా తెరకు అడ్డంగా వెళ్ళి టీచరమ్మ పేరు మీద ఆగింది. మాటల పెట్టె తెరుచుకుంది. అందులో అక్షరాలు ఒకటొకటే పుట్టుకొచ్చాయి.

"నమస్తే అమ్మా. పొద్దున మా డ్రైవరు మీకోసం చాలాసేపు చూశాడు. ఎక్కడున్నారు?"

ఉరుము నోటిదగ్గర వైర్‌లెస్ అలాగే ఉండిపోయింది. వాడి భాష ఎంత మర్యాదగా ఉందో!

"పీకేస్తా!" ఉరుము తాడు తెంచుకుని ముందుకు ఉరికాడు. "తీగ పీకిపారేస్తే ఛస్తాడు!"

డేగమ్మ అడ్డం నిలబడింది. "ఆగండి! ఆవిడ ఫోను ఆఫ్‌లో ఉంది, జవాబు రాదు. తీగ పీకితే మనం చూశామని వాడికి తెలిసిపోతుంది. రైల్వే స్టేషనులో ఉన్న వాడి మనిషిని అక్కణ్ణుంచి పంపించేస్తాడు. మళ్ళీ వాణ్ణి పట్టుకునేదెలా? వాడు ఏం చేస్తున్నాడో మనకి కనిపించే కిటికీ ఇదొక్కటే."

"కిటికీ కాదు, అది వాడి తలుపు!"

"మీవాళ్ళని అక్కడికి చేరనివ్వండి. కాస్త ఓపిక పట్టండి!"

ఇద్దరూ తీగ దగ్గర కోడిపుంజుల్లా నిలబడ్డారు. అంతలో తెర టింగుమంది.

టీచరమ్మ ఫోను ఆన్ చేసింది. బండి ఊళ్ళోకి వస్తోందని, దిగే ముందు తెరిచి ఉంటుంది. ఆవిడకు టైపు చేయడం కష్టం, మాట్లాడితే ఫోనే రాసుకుంటుంది. అందుకే ఆవిడ గొంతే వినిపించినట్టు వచ్చింది.

"అయ్యో బాబూ, రాత్రే మీ లాడ్జికి ఫోను చేసి చెప్పానే, సాయంత్రం బండికి వస్తానని. మీలో మీరు చెప్పుకోరా ఏంటి? మిమ్మల్ని మా క్లాసులో వేసి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని. ఇప్పుడే దిగుతున్నాను. ఇంతకీ మా చెల్లెలు వచ్చిందా?"

"అక్కా, చెప్పకే!" చెల్లెలు తెర మీదికి అరిచింది, తెరకు చెవులున్నట్టు. వెంటనే ఫోను తీసి అక్క నంబరు కొట్టింది. చెవికి పెట్టుకుంది. "బిజీ అంటోంది. ఎవరితోనో మాట్లాడుతోంది. ఎవరితో మాట్లాడుతోంది?"

డేగమ్మ ఒక్క గెంతులో కీబోర్డు ముందు కూర్చుంది. గబగబా కొట్టింది. "టీచరమ్మా, కారెక్కకండి. అక్కడే..."

అక్షరాలు వెనకనుంచి మాయమవసాగాయి. ఆమె ఒకటి కొడితే రెండు తుడిచిపెట్టుకుపోతున్నాయి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ చెరిగిపోయింది. ఒకే పలక మీద ఇద్దరు రాస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంది, కాని రెండో చేయి కనిపించదు. ఆఖరికి పెట్టె ఖాళీ అయింది. ఖాళీ పెట్టెలో ఒక కొత్త ప్రశ్న మొలిచింది. అది టీచరమ్మకు పంపలేదు. కౌంటరు దగ్గరున్నవాళ్ళు చదవడానికే, కాసేపు అలాగే ఉంచాడు.

"కౌంటర్లో ఎవరు?"

కౌంటరు పిల్ల చిన్నగా కేక వేసింది. ఆ ప్రశ్న చెరిగిపోయింది. దాని స్థానంలో చకచకా ఇంకో వాక్యం వచ్చింది. ఈసారి వాడు తొందరలో ఉన్నాడు. ఎవరూ ఏమీ చేసేలోపు అది టీచరమ్మకు వెళ్ళిపోయింది కూడా.

"వచ్చారమ్మా. మిమ్మల్ని తీసుకురావడానికి మీ చెల్లెలే మా కారులో వచ్చారు. గేటు బయట తెల్ల కారు."

డేగమ్మే తీగ పీకింది. రెండు చేతులతో పట్టుకుని, గోడలోని పెట్టెతో సహా ఊడొచ్చేలా లాగింది. తెర నల్లబడింది.

"అప్పుడే పీకి ఉంటే!" అన్నాడు ఉరుము. ఆయన అరవలేదు. మొదటిసారిగా ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా వినిపించింది. "నేనన్నప్పుడే పీకి ఉంటే, ఆ మాట వెళ్ళేది కాదు కదా మేడమ్."

ఆయన చెప్పింది నిజం. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన నిజాల్లో ఇంత బరువైనది ఇంకొకటి లేదు. "మీవాళ్ళెక్కడున్నారు?" అంది డేగమ్మ.

ఆయన వైర్‌లెస్ చెవికి ఆనించుకున్నాడు. "వంతెన మీద ఇరుక్కుపోయారు. దిగి పరుగెడుతున్నారట." మళ్ళీ దానిలోకి అరిచాడు. "తెల్ల కారు! గేటు బయట తెల్ల కారు! ఏ తెల్ల కారైనా సరే ఆపండి!"

చెల్లెలు ఇంకా అక్క నంబరు కొడుతూనే ఉంది. బిజీ. మళ్ళీ బిజీ. "ఎక్కదు" అంటోంది తనలో తనే. "నేను లేకుండా ఎక్కదు. కారు దగ్గరికెళ్ళి లోపలికి చూస్తుంది కదా. నేను లేనని తెలుస్తుంది కదా. తెలుస్తుంది. అరుస్తుంది. మా అక్క అరిస్తే బడి మొత్తం వినపడేది."

ఆమె చేతిలోనే ఫోను టింగుమంది.

ఈసారి సైటునుంచి కాదు. లాడ్జి ఖాతా నుంచి కాదు. అక్క సొంత నంబరు నుంచి, నేరుగా చెల్లెలికే వచ్చింది. చెల్లెలు చదువుకుంది. ఫోనును డేగమ్మ వైపు తిప్పింది. డేగమ్మ చదివింది.

"ఏమే, వెనక సీట్లో దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నావేంటి? అద్దం కొడుతుంటే వినపడట్లేదా? లేచి తలుపు తియ్యి."